అచ్చాపీసు క్లర్కుగారి ఖాళీ ఫారాలు

నా నోటి సంగతి ముందే చెప్పుకోవాలి. మా ఇంట్లోనూ, మా స్నేహితుల ఇళ్ళలోనూ నా నోరు ప్రసిద్ధం. ఇండియన్ స్టోర్‌లో ముదిరిపోయిన బెండకాయలు అంటగడితే వెనక్కి తీసుకెళ్ళి కౌంటర్ మీద గుమ్మరించి వచ్చిన మనిషిని. మీటింగులో నేను చేసిన పనిని ఇంకొకడు తనదని చెప్పుకుంటుంటే మధ్యలో ఆపి, ఎవరి పనో తేలేదాకా మాటను ముందుకు కదలనివ్వనిదాన్ని. ఎక్కడికైనా బయల్దేరేముందు మా ఆయన కారు తలుపు తీస్తూ, "ఇయ్యాల ఎవరితోటి పెట్టుకోకు తల్లీ" అని దండం పెట్టి మరీ బండెక్కుతాడు. అలాంటి నేను ఒక వారంపాటు నోరు మూసుకున్నాను. ఆ వారం గురించి ఇంతవరకు మా ఆయనకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆయనకు కూడా సగమే చెప్పాను.

మాసచూసెట్స్‌లో ఒక చిన్న ఊరు. ఆ ఊరి లైబ్రరీలో నేను కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాను. ఈ దేశం కొత్తగా పుట్టిన రోజుల్లో అక్కడ ఒక అచ్చాపీసు ఉండేది. దాని యజమానే ఆ ఊరి టౌన్ క్లర్కు కూడా. మన వైపు చెప్పుకోవాలంటే, ఊరి కరణంగారే అచ్చాపీసు పెట్టుకున్నారనుకోండి. పంచాంగాలు, చర్చి ప్రసంగాలు, ఊరి చట్టాలు, పిల్లల వాచకాలు, అన్నీ ఆయనే రాసి, ఆయనే అక్షరాలు కూర్చి, ఆయనే అచ్చు వేసేవాడు. లైబ్రరీ ముందర ఆయన కంచు విగ్రహం ఉంది. ఊరికి ఆయనంటే ప్రాణం. ఆయన అచ్చు వేసిన ప్రతి కాగితాన్నీ ఇంటర్నెట్‌లో పెట్టడానికి ఆ ఊరికి ఒక గ్రాంటు వచ్చింది. పని ఒక పెద్ద కంపెనీకి వెళ్ళింది, ఆ కంపెనీ నుంచి మా కన్సల్టెన్సీకి, కన్సల్టెన్సీ నుంచి నాకు.

మనిషి బాగా రాస్తాడు, కాదనను. చిన్న చిన్న వాక్యాలు, ఒక్క మాట దండగ ఉండదు. ఫలానా వారంలో మంచు పడుతుందంటాడు, పక్కనే దగ్గుకు కషాయం చెబుతాడు, దాని కింద పొద్దున్నే లేవమని సుద్దులు. మొదటి నెలంతా నేను ఆయన అభిమానిని. ఇంటికొచ్చి అన్నం వడ్డిస్తూ ఆయన గొప్పలు చెబుతుంటే, ఇక్కడే పుట్టి ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి, "అమ్మా, యు హావ్ ఎ క్రష్ ఆన్ ఎ డెడ్ గై" అని పడీ పడీ నవ్వింది.

నా పని ఇది. లైబ్రరీ సెల్లార్‌లో ఉన్న పెట్టెల్లోని కాగితాలన్నిటికీ ఒక బయటి సంస్థ వచ్చి ముందే ఫోటోలు తీసి వెళ్ళిపోయింది. నేను రాసిన ప్రోగ్రామ్ ఆ ఫోటోల్లోని అచ్చును చదివి, ఒకే పుస్తకానికి చెందిన కాపీలన్నిటినీ ఒకచోట చేర్చి, అందులో అన్నిటికంటే శుభ్రంగా ఉన్న కాపీని వెబ్‌సైట్‌లో పెడుతుంది. మిగతావాటి మీద డూప్లికేట్ అని గుర్తు వేస్తుంది. సెల్లార్‌లో తేమ, జాగా లేదు. అందుకని డూప్లికేట్లను పాత కాగితాలు కొనే ఒక డీలర్‌కు ఇచ్చేయాలని లైబ్రరీ కమిటీ తీర్మానించింది. ఏవి ఉండాలి, ఏవి పోవాలి అన్న జాబితా ఇచ్చేది నా ప్రోగ్రామే.

మొదట్లో అది సరిగ్గా పనిచేసేది కాదు. పాత పంచాంగాల అంచుల్లో జనం ఏవేవో రాసుకున్నారు. ఆవు ఈనిన రోజు, వాన పడిన రోజు, ఎవరెవరి పేర్లో. ఆ గీతలవల్ల ఒకే పంచాంగం రెండు కాపీలు వేరువేరు పుస్తకాలుగా కనిపించేవి. విసుగొచ్చి ఒక శనివారం కూర్చుని, చేతిరాత కనిపిస్తే దాన్ని చెత్తకింద లెక్కగట్టి పక్కన పెట్టమని ప్రోగ్రామ్‌కు చెప్పాను. అచ్చు మాత్రమే చూడు, చేతిరాత వదిలేయి. సోమవారానికల్లా లెక్క కుదిరిపోయింది. డూప్లికేట్ల ఫోటోలు నెల దాటాక వాటంతటవే చెరిగిపోయే ఏర్పాటు కూడా నేనే చేశాను. లైబ్రరీ డైరెక్టరమ్మ మీటింగులో నన్ను నిలబెట్టి మెచ్చుకుంది. నేను ఉబ్బి తబ్బిబ్బయ్యాను.

నవంబరులో మా వీసా ఎక్స్‌టెన్షన్ మొదలైంది. నాది హెచ్-వన్, మా ఆయనది నా మీద ఆధారపడినది. నాకు పని లేకపోతే ఇద్దరికీ ఇక్కడ చోటు లేదు. అరవై రోజుల్లో ఇల్లు ఖాళీ చేసి, పిల్లను బడి మాన్పించి పోవాలి. అప్లికేషన్ వెళ్ళిన కొన్నాళ్ళకు ఇంకా రుజువులు కావాలని ప్రభుత్వం నుంచి ఉత్తరం వచ్చింది. నేను పనిచేస్తున్న చోటి పెద్ద, అంటే లైబ్రరీ డైరెక్టరమ్మ, ఈ పనికి ఈ మనిషే కావాలని సంతకం పెట్టి ఇవ్వాలి. మా కన్సల్టెన్సీ లీడ్ ఫోన్ చేశాడు. నాకంటే చిన్నవాడు, విజయవాడ పిల్లాడు.

"అక్కా, క్లయింట్ లెటర్ ఒక్కటే పెండింగ్. డైరెక్టర్ ఫ్రైడే మార్నింగ్ సైన్ చేస్తానన్నారు. ఈ వీక్ మాత్రం మీరు ఏ ఇష్యూ రెయిజ్ చేయకండి. మీ టెంపర్ నాకు తెలుసు కదా."

"నేనేం చేస్తానయ్యా?" అన్నాను.

"ఏం చేయకండి అక్కా. అదే చెప్తున్నా."

వీసా మీద బతికే మాలో ఇదొక అలవాటు, ఎవరూ నేర్పరు. కాగితాలు నడుస్తున్నంతకాలం తల ఎత్తకూడదు. ప్రయాణాలు పెట్టుకోకూడదు, ఉద్యోగం మారకూడదు, మెయిల్ చెయిన్‌లో మన పేరు పైకి రాకూడదు. పాములపుట్ట పక్కన నడిచినట్టు అడుగు తీసి అడుగు వేయడమే. మా ఆయన రోజూ పళ్ళు తోముకోకముందే ఫోన్‌లో కేసు స్టేటస్ చూసేవాడు. చూసి ఫోన్ బోర్లా పెట్టేవాడు.

ఆ మంగళవారం పొద్దున ముసలావిడ వచ్చింది. ఎనభై దాటిన మనిషి, పూర్వం బడిలో టీచరు. వారానికి రెండు రోజులు జీతం లేకుండా వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుని, వెబ్‌సైట్‌లో పెట్టినవన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసిపెట్టేది. నన్ను చూస్తే ఎందుకో ముచ్చట ఆవిడకు. ఇంట్లో చేసిన యాపిల్ కేకు డబ్బాలో పెట్టి తెచ్చేది, అందులో గుడ్డు లేదని రెండుసార్లు చెప్పేది.

ఆవిడ ఊరికే రావడం లేదని నాకు ముందే తెలుసు. ఏడు తరాల కింద ఆవిడ వంశంలో ఒక తల్లి, మొగుడు సముద్రంలో పోతే పిల్లల్ని వెంటబెట్టుకుని పనికోసం ఈ ఊరు వచ్చిందట. అప్పట్లో ఈ ప్రాంతంలో ఒక ఆచారం ఉండేది. బయటినుంచి వచ్చినవాళ్ళు రేపు తిండికి లేక ఊరిమీద పడతారేమోనని, ముందే కాగితం ఇచ్చి వెళ్ళిపొమ్మనేవారు. ఆ తల్లికి చలికాలంలో కాగితం ఇచ్చారు. దారిలో ఒక బిడ్డ చనిపోయింది. వాళ్ళ ఇంట్లో తరతరాలుగా చెప్పుకుంటున్న కథ అది. ఊళ్ళో ఎవరూ నమ్మరు. మా క్లర్కుగారు అలాంటివాడు కాదంటారు. ఆ తల్లి పేరున్న కాగితం ఒక్కటి దొరికితే చాలు, తీసుకెళ్ళి లైబ్రరీ కమిటీవాళ్ళకు చూపిస్తానని ఆవిడ పంతం.

"వెళ్ళిపొమ్మనే నోటీసులు ఎన్నో ఉండాలి. ఇక్కడ ఒకటే కనిపిస్తోంది. అది కూడా ఖాళీది," అంది ఆవిడ స్క్రీన్ చూపిస్తూ.

చూశాను. నోటీసు ఫారం. ఊరి పేరు, క్లర్కు పేరు అచ్చులో ఉన్నాయి. వెళ్ళిపోవాల్సిన మనిషి పేరు దగ్గర గీత. ఎన్ని రోజుల్లో వెళ్ళాలో అక్కడ గీత. ఆ గీతల మీద ఏమీ లేదు. రికార్డు లోపలికి వెళ్ళి మిగతా కాపీల లెక్క చూశాను. అరవై ఒక్క డూప్లికేట్లు.

అచ్చు అన్నిటిలోనూ ఒకటే. తేడా ఉన్నది చేతిరాతలో, దాన్ని చూడొద్దని చెప్పింది నేను. అన్నిటికంటే శుభ్రంగా ఉన్న కాపీ అంటే ఎవరి పేరూ రాయని కాపీ, దాన్ని ఉంచమన్నది నేను. ఫోటోలు చెరిగిపోయి అప్పటికి పది రోజులు. కాగితాలు మాత్రం కింద పెట్టెల్లో ఉన్నాయి. డీలర్ బండి వచ్చేది శుక్రవారం. కమిటీ ఒప్పుకున్న జాబితాలో ఒక్క వరుస మార్చాలన్నా నా పేరుతో టికెట్, అంటే మార్పు కోరే అర్జీ, పెట్టాలి, ఎందుకో కారణం రాయాలి. ఊరి చరిత్రను చెత్తలో వేశానని నేనే రాసి పంపితే, శుక్రవారం పొద్దున ఆ డైరెక్టరమ్మ ఏ చేత్తో సంతకం పెడుతుంది?

"ఒకటే ఉందా?" అంది ముసలావిడ.

"చూసి చెబుతాను," అన్నాను.

ఆ సాయంత్రం మా ఆయనకు చెప్పాను. కూర తాలింపు వేస్తూ వెనక్కి తిరక్కుండానే చెప్పాను, ఏదో చిన్న పొరపాటన్నట్టు. ఆయన స్టవ్ ఆపేశాడు.

"ఇప్పుడు చెప్తే ఏమైతది, తెల్సా? ఆమె సైన్ చెయ్యదు. సిక్స్టీ డేస్. అంతే."

"శుక్రవారం అవి పోతాయి."

"పోనీ. రెండొందల ఏండ్ల కాగితాలు. మనకు మూడేండ్ల కాగితం కావాలె." మళ్ళీ అన్నాడు, "ఎప్పుడన్న మూసుకున్నవా నోరు? ఈ ఒక్కసారి మూసుకో."

మామూలుగా అయితే ఆ మాటకు గిన్నె ఎగిరేది. ఆ రోజు ఎగరలేదు. పైగదిలో అమ్మాయి ఎవరితోనో ఫోన్‌లో నవ్వుతోంది, వచ్చే వేసవిలో ఏదో క్యాంపుకు వెళ్ళాలని మాట్లాడుకుంటున్నారు. నేను స్టవ్ మళ్ళీ వెలిగించాను.

బుధవారం భోజనం వేళ సెల్లార్‌లోకి దిగాను. పెట్టెలు వరుసగా గోడవారగా పెట్టి ఉన్నాయి, ప్రతిదానిమీదా నా జాబితాలోని నంబరు అంటించి ఉంది. పక్క గదిలో భవనాన్ని వెచ్చబరిచే ఫర్నేస్ ఉండుండి గుర్రుమంటోంది. ఎవరైనా వస్తే ఏం చెప్పాలో ముందే అనుకున్నాను. ఎవరూ రాలేదు.

నోటీసులు ఒక అట్టలో ఉన్నాయి. మొదటిది తీసి చదివాను. పంచాంగంలో మంచు గురించి రాసిన ఆ వాక్యాలే. అదే పొదుపు, అదే శుభ్రం. ఫలానావారు ఫలానా రోజుల్లోగా ఈ ఊరి హద్దు దాటిపోవాలి. గీతమీద సిరాతో ఒక పేరు. కింద ఆయన సంతకం, పక్కనే అచ్చు వేసినవారు అని ఆయన పేరే. రెండోది తీశాను, మూడోది తీశాను. కొన్నిటిమీద పద్నాలుగు రోజులు, కొన్నిటిమీద మూడు. అప్పుడు చూశాను, అంతవరకు కళ్ళబడలేదు. "పిల్లలతో సహా" అన్న మాట చేత్తో రాసింది కాదు, అచ్చులోనే ఉంది. పిల్లలు లేనివాళ్ళ కాగితంలో ఆ మాటను కలంతో కొట్టేశాడు. అంటే అక్షరాలు కూర్చుకునేటప్పుడే ఆయనకు తెలుసు, పంపేవాళ్ళలో పిల్లలున్నవాళ్ళే ఎక్కువని. ప్రతిసారీ రాసే శ్రమ తగ్గించుకున్నాడు. నేనైనా అలాగే చేసేదాన్ని. ఎక్కువసార్లు వచ్చేదాన్ని ముందే రాసి పెట్టుకోవడమే నా ఉద్యోగం. ఆయన మంచి పనివాడు, నేనూ మంచి పనిదాన్ని.

పదకొండో కాగితం మీద ముసలావిడ చెప్పిన పేరు ఉంది. ఇంటిపేరుతో సహా. పిల్లలతో సహా అన్న మాట పక్కన చిన్న అక్షరాలతో నలుగురు అని. గడువు ఏడు రోజులు.

కాగితం చాలా తేలిగ్గా ఉంది. దాన్ని పట్టుకుని ఆ ఫర్నేస్ చప్పుడులో ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. సంచీలో వేసుకుందామా అనుకున్నాను, బయటికి వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర సంచులు చూస్తారు. దొంగతనమంటే ఇక వీసా ఊసే ఉండదు. ఫోటో తీద్దామని ఫోన్ తీశాను. కెమెరాలో ఆ పేరు నిలబడింది కూడా. ఫోటో తీస్తే అది నా దగ్గర ఉంటుంది. ఉంటే ఏదో ఒకరోజు ఆవిడకు చూపిస్తాను. ఎక్కడిదని అడుగుతుంది, చెప్పేస్తాను. నా నోరు నాకు తెలుసు. ఫోన్ లోపల పెట్టేసి, ఆ కాగితాన్ని పదో కాగితానికీ పన్నెండో కాగితానికీ మధ్య ఎక్కడ ఉందో అక్కడే పెట్టాను. అట్ట మూసి తాడు కట్టాను. పైకొచ్చి చేతులు రెండుసార్లు కడుక్కున్నాను.

గురువారం ముసలావిడ వచ్చింది. చూశావా అని అడిగింది. ఇంకా చూస్తున్నానన్నాను. ఆవిడ తొందరపెట్టలేదు. తెచ్చిన కేకు తినలేకపోయాను, మాకు గురువారం ఉపవాసమన్నాను. అది కూడా నమ్మింది. మా దేవుళ్ళ గురించి నాలుగు ప్రశ్నలు అడిగి, నేను చెప్పిన జవాబులు తన పుస్తకంలో రాసుకుంది. అబద్ధం ఒకసారి మొదలయ్యాక ఎంత సాఫీగా నడుస్తుందో ఆ రోజు తెలిసింది. నామీద నాకే అసహ్యం వేసింది.

శుక్రవారం పది గంటలకు డైరెక్టరమ్మ తన గదిలోకి పిలిచింది. ఉత్తరం చదివి వినిపించి మరీ సంతకం పెట్టింది. ఈ మనిషి పనిలో ఏ చిన్న వివరమూ జారిపోదు, ఇలాంటివారు దొరకడం కష్టం అని ఉంది అందులో. కవరు నా చేతిలో పెట్టి, మీరు ఇక్కడే ఉండాలి అంది, నవ్వుతూ. థాంక్స్ చెప్పాను. తల ఎత్తకుండా కవరునే చూస్తుంటే, ఆనందమనుకుని నా భుజం తట్టింది. ఉత్తరాన్ని స్కాన్ చేసి మా లీడ్‌కు పంపాను. వెంటనే జవాబొచ్చింది, ఫైల్ చేసేస్తున్నాం అక్కా అని.

కుర్చీలోకి వచ్చి కూర్చున్నాను. ముసలావిడ ఆ రోజు రావాల్సింది కాదు, అయినా వచ్చింది. నాకు సాయంగా ఉందామని వచ్చానంది, నువ్వు అంత వెతుకుతున్నావు కదా అని. కిటికీలోంచి బయట మంచు మీద డీలర్ తెల్ల బండి వెనక్కి వస్తూ కనిపించింది.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. అప్పటికి ఉత్తరం వెళ్ళిపోయింది. నన్ను ఆపింది ఆ సంతకమే అయితే, సంతకం అయిపోయింది. లేచి, ఆ పెట్టెలు ఆపండి, పొరపాటు నాది అని చెప్పడానికి నాకు బోలెడు టైముంది. అప్రూవల్ రానీ, తర్వాత చెబుదాం అని మనసులో ఎవరో అన్నారు. అప్రూవల్ వచ్చాక గ్రీన్‌కార్డు రానీ అంటారని నాకప్పుడే తెలుసు. తెలిసీ కూర్చున్నాను. ఆ నిమిషంలో నాకు ఆ క్లర్కు మీదున్న కోపమంతా ఎటో పోయింది. ఆయనకు కూడా ఇల్లూ పిల్లలూ ఉండే ఉంటారు.

బండివాడు మూడు పెట్టెలు ఒకదానిమీద ఒకటి పెట్టుకుని, గడ్డం ఆనించి పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. వెనక ఇంకో మనిషి ఇంకో రెండు. పైనున్న పెట్టెమీద నంబరు చూశాను. నోటీసులున్న పెట్టె అది.

"ఏమిటవి?" అంది ముసలావిడ.

"డూప్లికేట్లు," అన్నాను.

బండివాడికి చేతులు ఖాళీ లేవు, తలుపు దగ్గర ఆగిపోయాడు. ఆవిడ తన చేతికర్రను కుర్చీకి ఆనించి, టేబుల్ అంచు పట్టుకుని లేచింది. మెల్లగా నడుచుకుంటూ వెళ్ళి తలుపు బార్లా తీసి, వీపుతో ఆనుకుని నిలబడింది. మెట్టుమీద మంచు గడ్డకట్టింది, చూసి అడుగేయమని అతనికి చెప్పింది. అతను ఆవిడ పక్కనుంచి దాటుతుంటే పైపెట్టె జారబోయింది. ఆవిడ చెయ్యి చాపి దాన్ని సర్ది సరిగ్గా పెట్టింది.

తలుపు మూసి వచ్చి కూర్చుని, చలికి ఎర్రబడ్డ చేతులు రుద్దుకుని, కళ్ళజోడు పెట్టుకుంది. "సరే, ఆ నోటీసులు ఇంకోసారి వెతుకుదామా?" అంది. ఆవిడ చూస్తుండగా, వెతికే గడిలో ఆ తల్లి పేరు నేనే టైప్ చేశాను.